డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కి కోడ్ సైనింగ్: గోదావరి జిల్లాల చిన్న డెవలపర్లకు సమగ్ర మార్గదర్శి

భీమవరంలో రొయ్యల చెరువుల మేత లెక్కలు, మండపేటలో రైస్ మిల్లు ధాన్యం కొనుగోళ్లు, కడియంలో నర్సరీ బిల్లింగు, అంబాజీపేటలో కొబ్బరి కమీషను కొట్టు ఖాతాలు. వీటికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చేవాళ్లు మన డెల్టాలో ఊరూరా ఉన్నారు. కోడ్ రాసేదీ, ఇన్‌స్టాల్ చేసేదీ, ఫోనెత్తి సర్వీసు చెప్పేదీ చాలాచోట్ల ఒక్కరే. కస్టమర్‌కి చెప్పడానికి వీళ్ల దగ్గర ఒక మాట ఎప్పుడూ తయారుగా ఉంటుంది: "నీలం తెర వస్తుందండి, కంగారు పడకండి. మోర్ ఇన్ఫో నొక్కి, రన్ ఎనీవే నొక్కెయ్యండి. యాంటీవైరస్ అడ్డుపడితే కాసేపు ఆపెయ్యండి."

ఈ మాట చెప్పడం మనం మానేయాలి. ఆ నీలం తెర, ఇంటర్నెట్ నుంచి దించిన ఈ ప్రోగ్రాం ఎవరిదో తెలియదని విండోస్ చేసే హెచ్చరిక. ఆ హెచ్చరికను పట్టించుకోవద్దని గుమస్తాగారికి మనమే నేర్పితే, రేపు బ్యాంకు పేరుతో వాట్సాప్‌లో వచ్చిన దొంగ ఫైలును కూడా ఆయన అలాగే తెరుస్తారు. మిల్లు నెట్ బ్యాంకింగూ, జీఎస్టీ పాస్‌వర్డులూ ఉండేది ఆ కంప్యూటర్లోనే. మన సాఫ్ట్‌వేర్ నడవడం కోసం వాళ్ల ఇంటి తలుపు గడియ తీయించే హక్కు మనకు లేదు. సరైన దారి కోడ్ సైనింగ్, అంటే ప్రోగ్రాం మనదేనని దాని మీద డిజిటల్ సంతకం పెట్టడం. దానికి ఖర్చుంది, కాగితాల పని ఉంది, మొదటిసారి కొంత టెన్షన్ కూడా ఉంటుంది. అయినా చేయాల్సిన పనే. ఎలా చేయాలో మొదటినుంచి చెబుతాను.

సంతకం ఏం చెబుతుంది

మీ దగ్గర ఒక రహస్య కీ ఉంటుంది, దానికి జంటగా ఒక పబ్లిక్ కీ ఉంటుంది. సర్టిఫికెట్ సంస్థ మీ కాగితాలు పరిశీలించి, ఈ పబ్లిక్ కీ ఫలానా వారిదేనని సర్టిఫికెట్ ఇస్తుంది. సంతకం పెట్టేటప్పుడు ఫైలుకి హ్యాష్ (ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కకట్టి, ఆ హ్యాష్ మీద రహస్య కీతో సంతకం చేస్తారు. ఆ తర్వాత ప్రోగ్రాంలో ఒక్క బైటు మారినా లెక్క కుదరదు, విండోస్ పట్టేస్తుంది. విండోస్‌లో ఈ పద్ధతిని ఆథెంటికోడ్ అంటారు.

బియ్యం బస్తా మూతి కుట్టి మిల్లు ముద్ర వేసినట్టే ఇది. బస్తా ఎవరిదో, దారిలో ఎవరైనా విప్పారో తెలుస్తుంది. లోపలి బియ్యం మంచివో కావో మాత్రం ముద్ర చెప్పదు. అందుకే సంతకం ఉన్నా మైక్రోసాఫ్ట్ స్మార్ట్‌స్క్రీన్ అనే ఇంకో పరీక్ష పెడుతుంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

చాలామందికి ఇక్కడ ఒక సందేహం వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఇన్‌స్టాల్ చేస్తే ఏ హెచ్చరికా రాదు, అదే ఫైలు గూగుల్ డ్రైవ్ లింకు నుంచి దించితే వస్తుంది. ఎందుకని? బ్రౌజర్ ఏ ఫైలు దించినా, ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చిందని ఫైలు పక్కన ఒక కనపడని గుర్తు రాస్తుంది. స్మార్ట్‌స్క్రీన్ చూసేది ఆ గుర్తునే. ఆ గుర్తు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కుల మీదే నిలుస్తుంది. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ రకాలు కాబట్టి కాపీ చేయగానే పోతుంది. పెన్‌డ్రైవ్‌తో తిరిగినంత కాలం సంతకం అవసరం తెలియదు. కస్టమర్లు పెరిగి, అప్‌డేట్లు లింకుల ద్వారా పంపడం మొదలెట్టిన రోజు తెలుస్తుంది. విండోస్ 11లో వచ్చిన స్మార్ట్ యాప్ కంట్రోల్ ఇంకా గట్టిది. అది ఆన్‌లో ఉన్న కంప్యూటర్లో, పేరు తెలియని సంతకం లేని ప్రోగ్రాంని ఆపేస్తే రన్ ఎనీవే అన్న బటనే ఉండదు.

మొదటి అడుగు: దారి ఎంచుకోవడం

సర్టిఫికెట్ కొనేముందు, అసలు కొనాల్సిన అవసరం ఉందో లేదో చూసుకోండి.

మీ సాఫ్ట్‌వేర్‌ని ఎంఎస్ఐఎక్స్ (మైక్రోసాఫ్ట్ కొత్త ఇన్‌స్టాల్ పద్ధతి) ప్యాకేజీగా చేయగలిగితే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో పెట్టవచ్చు. అలా పెట్టినదానికి స్టోరే సంతకం చేస్తుంది, మీకు సర్టిఫికెట్ ఖర్చు లేదు. వ్యక్తిగత డెవలపర్ల రిజిస్ట్రేషన్ రుసుమును 2025లో ఎత్తేశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ దారే. కానీ మామూలు ఈఎక్స్ఈ, ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్‌నే స్టోర్‌లో పెడితే సంతకం మీరే చేసుకురావాలి. వే బ్రిడ్జి కాటాకు కలిపే సాఫ్ట్‌వేర్, డ్రైవర్లు వేసుకునే సాఫ్ట్‌వేర్ ఎంఎస్ఐఎక్స్‌లో ఇమడటం కష్టం.

మీది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అయితే సైన్‌పాత్ ఫౌండేషన్ ఉచితంగా సంతకం చేసిపెడుతుంది. పబ్లిషర్‌గా వాళ్ల పేరే కనిపిస్తుంది. పోలండ్‌కి చెందిన సెర్టమ్ ఓపెన్ సోర్స్ డెవలపర్లకు తక్కువ ధరలో విడిగా సర్టిఫికెట్ ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ చందాతో అజ్యూర్‌లో సైనింగ్ సేవ నడుపుతోంది, ధర చాలా నయం. అయితే దాన్ని కొన్ని దేశాల వాళ్లకే తెరిచారు కాబట్టి, మన దేశం ఆ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే దాని మీద ఆశ పెట్టుకోండి.

ఇవేవీ కుదరకపోతే సొంత సర్టిఫికెట్ కొనాలి. ఇందులో ఓవీ (ఆర్గనైజేషన్ వాలిడేషన్), ఈవీ (ఎక్స్‌టెండెడ్ వాలిడేషన్, అంటే ఇంకా లోతైన తనిఖీ) అని రెండు రకాలు. ఈవీ రిజిస్టరైన సంస్థలకే ఇస్తారు, ఖరీదెక్కువ. ఒకప్పుడు ఈవీతో సంతకం చేస్తే స్మార్ట్‌స్క్రీన్ మొదటి రోజునుంచే దారి ఇచ్చేది. 2024లో ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పటికీ ఆ పాత మాట చెప్పి ఈవీ అమ్మేవాళ్లున్నారు, నమ్మకండి. డ్రైవర్లు రాసేవాళ్లకు తప్ప మనలాంటివాళ్లకు ఓవీ, లేదా వ్యక్తి పేరు మీద ఇచ్చే సర్టిఫికెట్ చాలు.

ఇక అందరూ అడిగే ప్రశ్న: జీఎస్టీకీ, టెండర్లకూ ఆడిటర్‌గారు చేయించిన డీఎస్‌సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) ఉంది కదా, దానితో చేసేయొచ్చా? కుదరదు. క్లాస్ 3 డీఎస్‌సీ మన ఐటీ చట్టం 2000 కింద పత్రాల మీద సంతకానికి ఇచ్చేది. చూడటానికి అదీ యూఎస్‌బీ టోకెనే, కానీ కోడ్ సంతకానికి విండోస్ దాన్ని ఒప్పుకోదు. విండోస్ నమ్మే సంస్థల జాబితాలో ఉన్నవాళ్ల నుంచి, కోడ్ సైనింగ్ కోసమే ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి.

మనమే తయారుచేసుకునే సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ సొంత కంప్యూటర్లో పరీక్షలకు పనికొస్తుంది. దాన్ని కస్టమర్ కంప్యూటర్లో నమ్మకమైన రూట్‌గా (విండోస్ ప్రశ్నించకుండా నమ్మే మూల సర్టిఫికెట్‌గా) ఎక్కించడం మాత్రం చేయకండి. మీ కీ దొరికినవాడు ఆ కంప్యూటర్లో ఏదైనా చేయగలుగుతాడు.

రెండో అడుగు: కాగితాలు

నా ఉద్దేశంలో మొత్తం పనిలో ఎక్కువ రోజులు తినేది ఇదే, అదీ మన పేర్ల వల్లా, మన ఊళ్ల వల్లా.

ముందు పేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాచోట్ల ఒక్క అక్షరంగా మిగిలిపోతుంది. పదో తరగతి సర్టిఫికెట్లో పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో, ఆధార్‌లో "వెంకట" కలిపి ఒకచోట, విడిగా ఒకచోట. తనిఖీ చేసే మనిషి వేరే దేశంలో కూర్చుని ఉంటాడు. అతనికి ఇవి నాలుగూ నలుగురు మనుషుల్లా కనిపిస్తాయి. కాబట్టి ఒక పత్రాన్ని ఆధారంగా పెట్టుకోండి. వ్యక్తి పేరు మీద తీసుకుంటే పాస్‌పోర్టు మేలు, బయటి సంస్థలకు బాగా తెలిసిన పత్రం అది. దరఖాస్తులో పేరు అందులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయండి. మిగతా పత్రాల్లో తేడా ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి.

తర్వాత చిరునామా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. తూర్పు గోదావరిలో ఉన్న అమలాపురం కోనసీమ జిల్లాలోకి వెళ్లింది, కాకినాడ విడి జిల్లా అయింది. ఏలూరు వేరుపడటంతో పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రం అయింది. పాత ఆధార్‌లో ఒక జిల్లా, కొత్తగా తీసుకున్న ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్లో ఇంకో జిల్లా ఉంటే, ఇవి రెండూ ఒకటే ఊరని అవతలివాళ్లకు తెలియదు. రాజమండ్రి, రాజమహేంద్రవరం సంగతీ అంతే. అన్ని పత్రాల్లో ఒకటే రూపం ఉండేలా ఆధార్ చిరునామా మార్పించుకోవడం మంచిది. కుదరకపోతే జిల్లాల విభజన గురించి నాలుగు వాక్యాల వివరణ ఇంగ్లిషులో రాసి, ప్రభుత్వ నోటిఫికేషన్ కాపీ జతచేయండి.

వ్యాపారం పేరుతో కావాలనుకుంటే ఆ పేరు ప్రభుత్వ రికార్డులో కనపడాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే తేలిక, ఎవరైనా ఆన్‌లైన్లో సరిచూసుకోవచ్చు. సేవల టర్నోవరు 20 లక్షలు దాటక జీఎస్టీ లేనివాళ్లు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఉచితం. దానితో సరిపెడతారో లేదో దరఖాస్తు చేసేముందే సంస్థకు మెయిల్ రాసి అడగండి. సొంత యాజమాన్యంలో చిన్న కొట్టు నడిపేవాళ్లకు వ్యక్తి పేరు మీద తీసుకోవడమే చాలాసార్లు సులువు.

చివరగా ఫోన్. మీరు ఇచ్చిన నంబరుకి కాకుండా, వేరేవాళ్లు నడిపే డైరెక్టరీలో మీ వ్యాపారం పేరు కింద ఉన్న నంబరుకి సర్టిఫికెట్ సంస్థవాళ్లు ఫోన్ చేస్తారు. వ్యాపారాల వివరాలు సేకరించే డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సంస్థ ఇచ్చే డీ-యూ-ఎన్-ఎస్ నంబరు ఇక్కడ పనికొస్తుంది. వ్యక్తులకైతే గుర్తింపు కార్డు పట్టుకుని ఫొటో, లేదా వీడియో కాల్ అడుగుతారు. కొందరు నోటరీ సంతకం కూడా అడుగుతారు.

మూడో అడుగు: కీ ఎక్కడ ఉంచాలి

2023 జూన్ 1 నుంచి నిబంధన మారింది. ఓవీ సర్టిఫికెట్ల రహస్య కీ కూడా ఎఫ్ఐపీఎస్ 140-2 లెవెల్ 2 లాంటి భద్రతా ప్రమాణం ఉన్న హార్డ్‌వేర్‌లోనే ఉండాలి. అంతకుముందు కీ, సర్టిఫికెట్ కలిపి ఉండే పీఎఫ్ఎక్స్ ఫైలుగా మెయిల్లో వచ్చేది, ల్యాప్‌టాప్‌లో పడి ఉండేది. ఇప్పటికీ పీఎఫ్ఎక్స్ ఫైలు పెట్టుకోమని చెప్పే వీడియో కనపడితే అది పాతదని గుర్తు.

మీకు రెండు దారులున్నాయి. ఒకటి యూఎస్‌బీ టోకెన్. సంస్థే కొరియర్‌లో పంపుతుంది, విదేశం నుంచి వస్తే కస్టమ్స్ దగ్గర కొంత ఆలస్యం అవుతుంది. రోజుకో రెండు రోజులకో ఒక బిల్డ్ చేసేవాళ్లకు టోకెన్ చాలు, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయవచ్చు. పాస్‌వర్డు వరసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అయిపోతుంది, గుర్తుంచుకోండి. రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసు కంప్యూటర్లోకి వెళితే అక్కడ గుచ్చిన టోకెన్ కనిపించదు, అది పాడైపోలేదు, విండోస్ పనిచేసే తీరే అంత.

రెండోది క్లౌడ్. కీ సంస్థ దగ్గరి హార్డ్‌వేర్‌లో ఉంటుంది, మీరు ఇంటర్నెట్ ద్వారా సంతకం చేస్తారు. డిజిసర్ట్ కీలాకర్, ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ ఈసైనర్ ఈ రకం. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసేవాళ్లకు ఇదే దారి. ప్లాన్‌లో నెలకి ఇన్ని సంతకాలని పరిమితి ఉంటుంది. ప్రతి డీఎల్ఎల్ ఒక సంతకమేనని లెక్కేసుకుని ప్లాన్ తీసుకోండి.

కీ ఆర్‌ఎస్‌ఏ రకమే తీసుకోండి, కనీసం 3072 బిట్లు ఉండాలి. 2026 మార్చి 1 నుంచి ఇచ్చే సర్టిఫికెట్ల గడువు 460 రోజులు మించదు, అంతకుముందు 39 నెలల దాకా ఇచ్చేవారు. మూడేళ్లకు డబ్బు కట్టించుకునే ఆఫర్లు ఇంకా ఉంటాయి, కానీ మధ్యలో సర్టిఫికెట్ మళ్లీ తీసుకోవాల్సిందే. చాలా సంస్థలు డాలర్లలో కట్టించుకుంటాయి కాబట్టి కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు ముందే ఆన్ చేసుకోండి.

నాలుగో అడుగు: సంతకం

విండోస్ ఎస్‌డీకేలో సైన్‌టూల్ అనే కమాండు ఉంటుంది. లినక్స్‌లో బిల్డ్ చేసేవాళ్లకు ఓఎస్‌ఎస్‌ఎల్‌సైన్‌కోడ్, జావా మీద నడిచే జేసైన్ ఉన్నాయి.

సైన్‌టూల్‌లో సైన్ ఆదేశానికి నాలుగు ఆప్షన్లు తప్పనిసరిగా ఇవ్వండి. ఎఫ్‌డీకి (ఫైలు హ్యాష్ రకం) ఎస్‌హెచ్‌ఏ256. టీఆర్‌కి మీ సర్టిఫికెట్ సంస్థ ఇచ్చిన టైమ్‌స్టాంప్ సర్వర్ చిరునామా. టీడీకి (టైమ్‌స్టాంప్ హ్యాష్ రకం) మళ్లీ ఎస్‌హెచ్‌ఏ256. నాలుగోది ఎస్‌హెచ్‌ఏ1 అన్న పేరుతో ఉండే ఆప్షన్, దానికి మీ సర్టిఫికెట్ థంబ్‌ప్రింట్ (ఆ సర్టిఫికెట్‌ని గుర్తించే సంఖ్య) ఇవ్వాలి. పేరు అలా ఉన్నా అది పాత రకం సంతకం కాదు, ఏ సర్టిఫికెట్ వాడాలో చెప్పేది మాత్రమే. డీఎస్‌సీ టోకెన్ కూడా అదే కంప్యూటర్లో గుచ్చి ఉండే మన ఆఫీసుల్లో, ఏ సర్టిఫికెట్ అన్నది సైన్‌టూల్‌కే వదిలేయకుండా మనమే చెప్పడం క్షేమం.

టైమ్‌స్టాంప్‌ని దయచేసి వదిలేయకండి. అది ఉంటే, సర్టిఫికెట్ గడువు లోపల సంతకం జరిగిందని మూడో సంస్థ సాక్ష్యం చెప్పినట్టు. గడువు తీరాక కూడా పాత ఇన్‌స్టాలర్లు చెల్లుతాయి. అది లేకపోతే గడువు తీరిన మర్నాడే మీ ఫైళ్లన్నీ సంతకం లేనివాటితో సమానం. దీనికి ఇంటర్నెట్ కావాలి. తుఫాను రోజుల్లో నెట్ పోతే తొందరపడి టైమ్‌స్టాంప్ లేని ఫైలు కస్టమర్లకు పంపకండి. సైన్‌టూల్‌లోని టైమ్‌స్టాంప్ ఆదేశంతో దాన్ని తర్వాత కూడా చేర్చవచ్చు.

వరస ముఖ్యం. ముందు మీరు రాసిన ఈఎక్స్ఈ, డీఎల్ఎల్ ఫైళ్లకు సంతకం. తర్వాత వాటితో ఇన్‌స్టాలర్ కట్టాలి. ఆఖరున ఇన్‌స్టాలర్‌కి సంతకం. ఇన్నో సెటప్ వాడేవాళ్లు దాని స్క్రిప్టులోనే సైన్‌టూల్ లైను పెడితే అన్‌ఇన్‌స్టాలర్‌కి కూడా సంతకం పడుతుంది. యూపీఎక్స్‌తో కుదించడం లాంటివి ఏవైనా ఉంటే సంతకానికి ముందే జరగాలి.

మన దగ్గర ఒక అలవాటు ఉంది. కస్టమర్ పేరు, లైసెన్సు నంబరు ఈఎక్స్ఈలోనే రాసి ఒక్కొక్కరికీ ఒక్కో ఫైలు ఇవ్వడం. సంతకం అయ్యాక అలా రాస్తే సంతకం చెడుతుంది. ముందే రాసి విడివిడిగా సంతకం చేస్తే ప్రతి ఫైలూ స్మార్ట్‌స్క్రీన్‌కి కొత్త ముఖమే. ఒకే ఇన్‌స్టాలర్ అందరికీ ఇచ్చి, లైసెన్సు విడి ఫైలుగా పంపండి. ఈ ఒక్క మార్పే సగం తలనొప్పి తగ్గిస్తుంది.

పైథాన్ వాళ్లకు ఒక మాట. పైఇన్‌స్టాలర్‌లో వన్ ఫైల్ పద్ధతి యాంటీవైరస్‌లకు అనుమానం తెప్పిస్తుంది, ఫోల్డరు పద్ధతిలో కట్టి పైన ఇన్‌స్టాలర్ వేయడం నయం.

అయ్యాక సరిచూడండి. సైన్‌టూల్ వెరిఫై ఆదేశానికి పీఏ ఆప్షన్ ఇవ్వకపోతే అది డ్రైవర్ల నియమాలతో చూసి, మంచి సంతకాన్ని కూడా తప్పంటుంది. తర్వాత అదే ఫైలుని మీ కంప్యూటర్ కాని ఇంకో కంప్యూటర్లో బ్రౌజర్ ద్వారా దించి నడపండి. ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అన్న ట్యాబులో మీ పేరూ, టైమ్‌స్టాంపూ రెండూ కనపడాలి.

ఐదో అడుగు: స్మార్ట్‌స్క్రీన్‌తో ఓపిక

సంతకం చేశాక కూడా మొదట్లో నీలం తెర రావచ్చు. అడ్మిన్ అనుమతి అడిగే పెట్టెలో మాత్రం అన్‌నోన్ పబ్లిషర్ పోయి మీ పేరు వెంటనే వస్తుంది. స్మార్ట్‌స్క్రీన్ ఫైలు హ్యాష్‌కీ, సర్టిఫికెట్‌కీ విడివిడిగా పరపతి లెక్క కడుతుంది. జనం దించుకుని, ఇబ్బంది లేకుండా వాడుతున్నకొద్దీ అది పెరుగుతుంది. సంతకం లేనివాళ్లకు ప్రతి వెర్షన్‌కీ సున్నా నుంచి మొదలవుతుంది. ఉన్నవాళ్లకు సర్టిఫికెట్ పరపతి తర్వాతి వెర్షన్‌కి తోడొస్తుంది. అందుకే చిన్నచిన్న మార్పులకు రోజుకో ఇన్‌స్టాలర్ వదలకండి. డిఫెండర్ మీ ఫైలుని వైరస్ అంటే, మైక్రోసాఫ్ట్ ఫైల్ సబ్మిషన్ పేజీలో డెవలపర్‌గా ఫైలు పంపి పరిశీలించమని అడగవచ్చు.

ఆ పరపతి పెరిగేలోపు కస్టమర్‌కి ఏం చెప్పాలి? మీ బిల్లు మీద, వాట్సాప్ ప్రొఫైల్లో, ఇన్‌స్టాలర్‌లో కనపడే పబ్లిషర్ పేరు యథాతథంగా రాయండి. "పెట్టెలో ఈ పేరే ఉందా చూడండి. వేరే పేరుంటే నొక్కకండి, నాకు ఫోన్ చేయండి" అని చెప్పండి.

మ్యాక్ కస్టమర్లుంటే

మన దగ్గర తక్కువే గాని, అమెరికాలో ఉన్న మనవాళ్లకు అమ్మేవాళ్లకు ఇది కావాలి. యాపిల్ డెవలపర్ ప్రోగ్రాంకి ఏడాదికి 99 డాలర్లు. సొంత యాజమాన్యం వాళ్లు వ్యక్తిగానే చేరాలి, సంస్థగా చేరాలంటే డీ-యూ-ఎన్-ఎస్ నంబరు ఉండాలి. అందులో డెవలపర్ ఐడీ అప్లికేషన్ సర్టిఫికెట్ తీసుకుని కోడ్‌సైన్ కమాండుతో, హార్డెన్డ్ రన్‌టైమ్ ఆన్ చేసి, టైమ్‌స్టాంపుతో సంతకం చేయాలి. లోపలి లైబ్రరీల నుంచి మొదలుపెట్టి బయటి యాప్‌తో ముగించండి. డీప్ ఆప్షన్‌తో ఒక్క దెబ్బకి చేసేయడం యాపిలే వద్దంటోంది.

తర్వాత నోటరైజేషన్. నోటరీటూల్‌తో జిప్ గాని డీఎంజీ గాని యాపిల్‌కి పంపితే, పరిశీలించి ఆమోదిస్తుంది. తిరస్కరిస్తే లాగ్ తెప్పించుకుని చదవండి, ఏ ఫైలు దగ్గర తప్పో అందులో ఉంటుంది. ఆమోదం వచ్చాక స్టేప్లర్‌తో ఆ టికెట్‌ని యాప్‌కి అతికించాలి. జిప్‌కి అతకదు, యాప్‌కి అతికించి మళ్లీ జిప్ చేయాలి. నోటరీటూల్‌కి ముందు వాడిన ఆల్‌టూల్ 2023 నవంబరు 1 నుంచి నోటరైజేషన్‌కి పనిచేయదు. 2024లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ సెకోయాలో కంట్రోల్ క్లిక్‌తో హెచ్చరికను దాటేసే దారి కూడా మూసేశారు కాబట్టి ఈ పని తప్పించుకోలేరు. మ్యాక్ లేకపోతే గిట్‌హబ్ యాక్షన్స్‌లో మ్యాక్ యంత్రం అద్దెకు దొరుకుతుంది.

రెన్యువల్, కీ పోయిన రోజు

గడువుకి రెండు నెలల ముందే రెన్యువల్ మొదలెట్టండి, కాగితాల తనిఖీ మళ్లీ ఉంటుంది. పబ్లిషర్ పేరు ఒక్క అక్షరం కూడా మారకుండా చూసుకోండి. ఎలక్ట్రాన్ అప్‌డేటర్ వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. విండోస్‌లో అది కొత్త ఫైలు పబ్లిషర్ పేరుని పాతదానితో పోల్చుతుంది, తేడా ఉంటే అప్‌డేట్ ఆగిపోతుంది. పేరు మార్చక తప్పకపోతే, పాత సర్టిఫికెట్ చెల్లుతుండగానే పాత, కొత్త పేర్లు రెండూ ఒప్పుకునే వెర్షన్ ఒకటి అందరికీ పంపాలి.

టోకెన్ పోయినా, క్లౌడ్ పాస్‌వర్డు బయటపడిందని అనుమానం వచ్చినా, ఆ రోజే సర్టిఫికెట్ సంస్థకు చెప్పి రద్దు చేయించండి. కీ ఏ తేదీన చేయిదాటిందో కచ్చితంగా చెప్పండి. ఆ తేదీతో రద్దు చేస్తే, అంతకుముందు టైమ్‌స్టాంపుతో చేసిన సంతకాలు చెల్లుతూనే ఉంటాయి, ఆ తర్వాతవి చెల్లవు. తేదీ తేల్చడానికి మీ దగ్గర లెక్క ఉండాలి. అందుకని ఏ రోజు ఏ ఫైలుకి సంతకం చేశారో, దాని ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్ ఏమిటో మొదటి సంతకం నుంచే ఒక పట్టీలో రాసుకుంటూ వెళ్లండి. కొత్త సర్టిఫికెట్ రాగానే ఇప్పుడు వాడుకలో ఉన్న వెర్షన్‌కి మళ్లీ సంతకం చేసి, కస్టమర్లందరికీ ఫోన్ చేసి మరీ ఎక్కించండి.